కోడలికి ముప్పై లైన్ల సలహా, కొడుకుకి ఒక్కటీ లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నాలుగు నెలలు ఆలస్యంగా రాస్తున్నా. ఆషాఢంలో ఒక ఆదివారం మీ కుటుంబం పేజీలో కొత్తగా పెళ్ళయిన ఒక అమ్మాయి ప్రశ్న, దానికి మీ వాళ్ళ జవాబు వచ్చాయి. ఆ పేజీ ఇంకా నా దగ్గరే ఉంది, మడతల దగ్గర చిరిగి, మునగాకు పసరు మరకలతో. ఆ మరకల సంగతి తర్వాత చెప్తా.

ఆ అమ్మాయి అడిగింది ఇది. మా అత్తగారు మంచావిడ, పల్లెత్తు మాట అనదు, కానీ నేను ఎక్కడికెళ్ళినా, ఏం తిన్నా, ఎప్పుడు పడుకున్నా ఆవిడకి తెలియాలి, ఊపిరాడట్లేదు, ఏం చేయను అని. దానికి జవాబు ముప్పై లైన్లు, నేను లెక్కపెట్టా. అత్తగారిని అమ్మలా చూడు, ఆవిడ ప్రేమని అర్థం చేసుకో, చిన్నచిన్న వాటికి సర్దుకుపో, ఓపిక పట్టు, రోజులు గడిస్తే అన్నీ సర్దుకుంటాయి. ఆ ముప్పై లైన్లలో మొగుడి ప్రస్తావన ఒకే ఒక్కసారి వచ్చింది, అది కూడా "మీవారిని మధ్యలో పెట్టి ఇబ్బంది పెట్టకండి" అని.

అలా మధ్యలో పెట్టకపోవడం వల్ల ఐదు నెలలు ఏ ఇబ్బందీ పడని మొగుణ్ణి నేను. అందుకే రాస్తున్నా, కొంచెం పెద్ద ఉత్తరం, కత్తిరించుకోండి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. 2009లో, నేను పదో తరగతిలో ఉండగా పోయారు. అమ్మ జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్స్ వేసి నన్ను చదివించింది. ఉద్యోగం వచ్చాక నిజాంపేటలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ అద్దెకు తీసుకుని అమ్మని తెచ్చుకున్నా. మొన్న మాఘమాసంలో నాకు పెళ్ళయింది. మా ఆవిడది ఖమ్మం, హైటెక్ సిటీలో ఉద్యోగం. మా అమ్మని "అత్తమ్మా" అంటుంది, అది మా వైపు అలవాటు లేని పిలుపు కాబట్టి అమ్మకి మొదట్లో కొత్తగా అనిపించినా, తర్వాత్తర్వాత అందులో "అమ్మా" అని కూడా ఉంది కదరా అని మురిసిపోయింది.

మా అమ్మ సీరియల్లో అత్త కాదు. కట్నం ఎత్తదు, వంట రాలేదని దెప్పదు, పుట్టింటివాళ్ళని ఒక్క మాట అనదు. పెళ్ళయిన పదో రోజున మా ఆవిడకి జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చుతూ కూర్చుంది, నేను నిద్రపోయా. ఆ జ్వరంతోనే మొదలైంది. "దాని మొహంలో రక్తం లేదు" అని తీర్మానించుకుంది. పొద్దున్నే రాగిజావ, ఆఫీసుకెళ్ళాక ఖర్జూరాలు తిన్నావా అని ఫోను, టిఫిన్ బాక్సులో బీట్‌రూట్ వేపుడు, రాత్రి పదిన్నరకి పసుపు వేసిన పాలు. మా ఆవిడ ఇంటర్ నుంచీ ఖమ్మంలో స్కూటీ నడిపిన మనిషి, ఇక్కడికి కూడా తెచ్చుకుంది. మూడో రోజు నుంచి స్కూటీ తాళం కనపడలేదు. ఇల్లంతా వెతికాం, కొత్త తాళం చేయించడానికి షోరూంకి కూడా ఫోన్ చేశాం. ఒక రోజు నేను అన్నం పెట్టడానికి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే తగిలింది. అమ్మని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది, ఈ లారీల్లో, ఈ బస్సుల్లో ఆడపిల్ల బండేమిట్రా, కాబ్ ఉందిగా అని.

కాబ్ ఉంటే కాబ్‌కి టెన్షన్. మా ఆవిడ షిఫ్టు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ టార్చిలైటు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది, వీధిలైట్లు దేదీప్యమానంగా వెలుగుతుండగా. వాచ్‌మన్ నవ్వుకునేవాడు, కాబ్‌లో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా. పక్క ఫ్లాట్ కుర్రాడెవడో వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ చూడటం నేర్పించాడు. అందులో పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడే రకాలు ఉంటాయి కదా, అమ్మది ఎప్పుడూ ఎనిమిది గంటలే. మా ఆవిడ తొమ్మిది గంటల షిఫ్టులో ఎనిమిది గంటలు అవగానే అది ఆగిపోతుంది, వెంటనే ఫోను, "అమ్మాయ్, నువ్వు కదలట్లేదేంటి?"

ఆ జావ, ఆ ఫోన్లు, ఆ టార్చిలైటు చూసి నవ్వుకునేవాణ్ణి నేను. మా ఆవిడ కూడా కొన్నాళ్ళు నవ్వింది. ఒక రోజు నవ్వడం ఆపేసి ఒక మాటంది: "తిట్టే అత్త అయితే మా అమ్మకి చెప్పుకుని ఏడ్చేదాన్ని. రాగిజావ ఇచ్చే అత్త మీద ఎవరికని చెప్పుకోను?"

నిజమే కదా అనిపించింది. అత్త మీద కోపం దుత్త మీద, అత్త లేని కోడలుత్తమురాలు, మన సామెతలన్నిట్లో అత్త తిడుతుంది, సాధిస్తుంది, నెయ్యి గిన్నె దాచుకుంటుంది. జావ కాచి ఇచ్చే అత్తకి సామెత లేదు. ఇంకో విషయం గమనించారా, నాకు తెలిసిన ఈ సామెతల్లో ఎక్కడా కొడుకు కనపడడు. అత్త ఉంటుంది, కోడలు ఉంటుంది, వాళ్ళిద్దరికీ బంధుత్వం ఎవడి వల్ల వచ్చిందో ఆ మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోతాడు. మీ ముప్పై లైన్లలో లాగే.

ఇక అసలు విషయానికి వస్తా. మా ఇంట్లో తలుపులకి గడియ ఉండదు. ఊళ్ళో ఇంట్లోనూ అంతే, ఇక్కడా అంతే. బాత్‌రూం తలుపు దగ్గరికి వేసి పైన తువ్వాలు వేస్తే లోపల మనిషి ఉన్నట్టు. ఈ ఫ్లాట్‌లో చేరిన రోజునే ఓనరుకి కూడా చెప్పకుండా అమ్మ స్క్రూలు తీయించి గడియలన్నీ ఒక కవర్లో పెట్టి అటక మీద పడేసింది. పదహారేళ్ళు అలా బతికినవాడికి అదేం వింతగా ఉండదు. పెళ్ళయి వచ్చిన ఆడపిల్లకి ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. రాత్రి పదిన్నరకి పాల గ్లాసుతో తలుపు తోసుకుని వచ్చేది అమ్మ. "పాలమ్మా" అంటూ వచ్చేది, అంటే చెప్పే వచ్చేది, కాకపోతే చెప్పడమూ రావడమూ ఒకేసారి జరిగేవి. అర్ధరాత్రి మా ఆవిడ దగ్గితే తలుపు తెరుచుకునేది. సెల్‌ఫోన్ కింద పడితే తెరుచుకునేది. నేను నిద్రలో ఏదో అన్నానట, ఒకసారి రెండు గంటలప్పుడు లైటు వేసి నిలబడింది. మా ఆవిడ ఆ తర్వాత నుంచి ఎండాకాలంలో కూడా మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఇంతకన్నా వివరంగా పేపర్లో రాయలేను.

మార్చిలో అరకు వెళ్ళాం. హనీమూన్ అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, "అరకు" అన్నాం. వైజాగ్‌లో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అద్దాల బోగీలో కూర్చున్నాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలవగానే సొరంగాలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైన్లో మొత్తం 58 ఉన్నాయట. అరకు లోపు ఎన్ని వస్తాయో చూద్దామని మా ఆవిడ వేళ్ళు ముడుస్తూ కూర్చుంది. నేను సెల్లులో సిగ్నల్ గీతలు చూస్తూ కూర్చున్నా. సొరంగంలోకి వెళ్తే పోతుంది, బయటికి వస్తే ఒక గీత, ఆ గీత వచ్చిన అర నిమిషంలో టక టకా మిస్డ్ కాల్ మెసేజీలు. బొర్రా స్టేషన్‌లో రైలు ఆగేసరికి పంతొమ్మిది. నాకు చేసి దొరక్క మా ఆవిడకి చేసి, ఆవిడా దొరక్క ఖమ్మంలో మా మామగారికి చేసి, ఆయన కంగారుపడి మేం దిగబోయే హోటల్‌కి చేసి, వాళ్ళు "ఇంకా రాలేదండీ" అంటే అందరూ ఇంకా కంగారుపడి... మా ఆవిడ సొరంగాల లెక్క ఇరవై ఎంతో దగ్గర తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. అరకులో రెండు రోజులూ ఫోన్ చేత్తో పట్టుకునే తిరిగాం.

ఇంట్లో మాట్లాడుకోవడానికి చోటు లేక మేం ఏం చేశామో చెప్తే నవ్వుతారు. ఆదివారం సాయంత్రం "డీమార్ట్‌కి వెళ్ళొస్తాం" అని చెప్పి మియాపూర్‌లో మెట్రో ఎక్కేవాళ్ళం. ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లు, దాదాపు గంట. అక్కడ దిగి చెరో టీ తాగి మళ్ళీ ఎక్కేవాళ్ళం. సీటు దొరికితే సరే, దొరక్కపోతే తలుపు పక్కన నిలబడి. కొత్త దంపతులం మనసు విప్పి మాట్లాడుకున్నది ఏదైనా ఉంటే ఆ రైల్లోనే. అమ్మ ముందు నన్ను "మీరు" అనే మనిషి అమీర్‌పేట దాటేసరికి "నువ్వు" అనేది. వచ్చేటప్పుడు ఒక సబ్బు, రెండు బిస్కెట్ పాకెట్లు కొనుక్కుని ఇంటికి, డీమార్ట్‌కి వెళ్ళినట్టు. అన్ని సబ్బులు ఎందుకురా అని అమ్మ అడిగేది.

ఒక ఆదివారం ఆ రైల్లోనే మా ఆవిడ అడిగింది, బెడ్‌రూంకి గడియ పెట్టించమని. నేను "సరే" అన్నా. తర్వాతి వారం "కార్పెంటర్ దొరకట్లేదు" అన్నా. నిజాంపేటలో కార్పెంటర్ దొరక్కపోవడం! ఆ తర్వాత "అమ్మ కదా, ఏమనుకుంటుందో, కొన్నాళ్ళు సర్దుకో" అన్నా. ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తు లేదు, మా ఆవిడకి గుర్తుంది.

మగవాళ్ళం అందరం ఒక మాట నేర్చుకున్నాం, "అమ్మకీ పెళ్ళానికీ మధ్య నలిగిపోతున్నాన్రా" అని. ఆఫీసులో టీ దగ్గర ఆ మాట అంటే చాలు, నలుగురు భుజం తడతారు. నేనూ అన్నా, నా భుజమూ తట్టారు. నిజం చెప్పాలంటే నేనేమీ నలగలేదు. ఒకావిడ వండి పెడుతోంది, ఇంకొకావిడ సర్దుకుపోతోంది, నాకేం తక్కువ? ఇద్దరి వెనకా దాక్కున్నా, అంతే. మా ఆవిడ నోరు తెరిచి అడిగి ఉంటే "అత్తగారితో గొడవ పెట్టుకుంది" అయ్యేది. నేను అడిగితే అది కొడుకు గారాబమో, మహా అయితే కొడుకు విసుగో. ఒకే మాట, ఎవరి నోట్లోంచి వస్తే ఎంత ఖరీదో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నా.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, అత్తా కోడలు ఒకే గడప దాటకూడదు అంటారు కదా. ఆషాఢంలో కడుపొస్తే మండుటెండల్లో కాన్పు అవుతుందని పెద్దలు అలా పెట్టారని కొందరు, పొలం పనుల నెల కాబట్టి మగాడి ధ్యాస ఇంటి మీద ఉండకూడదని కొందరు చెప్తారు. కారణం ఏదైనా మాకు అది సెలవులా వచ్చింది. అత్తయ్యగారు వచ్చి కూతుర్ని తీసుకెళ్ళారు. బస్సెక్కే ముందు మా ఆవిడ నా వైపు చూసి మామూలుగా, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా చెప్పింది: "శ్రావణం లోపల గడియ పెట్టించు. లేకపోతే నాకు ఖమ్మంలో బాగానే ఉంటుంది."

భయమేసింది. అప్పుడు కూడా నేను అమ్మతో మాట్లాడలేదు చూడండి, ఇంకో దారి వెతికా. అదే అపార్ట్‌మెంట్‌లో కింద ఒక సింగిల్ బెడ్‌రూం ఖాళీ అయితే మేమిద్దరం అందులోకి మారితే ఎలా ఉంటుందని మా బంధువుల గ్రూపులో ఒక బాబాయికి విడిగా మెసేజ్ పెట్టబోయి గ్రూపులోనే పెట్టేశా. అరగంటలో ఇంకో పెద్దాయన 2016 నాటి సుప్రీంకోర్టు తీర్పు వార్త ఒకటి పడేశారు, సరైన కారణం లేకుండా మొగుణ్ణి తల్లిదండ్రుల నుంచి విడదీయాలని భార్య పట్టుబట్టడం క్రూరత్వం అవుతుందని ఒక విడాకుల కేసులో చెప్పింది. దానికి బెజవాడలో ఉన్న మా అక్క వరస ఆవిడ ఊరుకుంటుందా, గృహహింస చట్టం గురించి 2020లో అదే కోర్టు ఇచ్చిన తీర్పు తెచ్చి పెట్టింది, ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా అందులో కాపురం చేసిన కోడలికి ఉండే హక్కు ఉంటుందని. ఇక చూడండి, రాత్రి దాకా నూట నలభై మెసేజీలు. నేను అడగాల్సింది ఒక గడియ. దానికి రెండు సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి గానీ, "మీ అమ్మని అడిగావురా?" అని ఒక్కరూ అనలేదు.

అమ్మ ఆ గ్రూపులో ఉంది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ "నన్ను ఊరికి పంపేయరా, కోర్టుల దాకా ఎందుకు" అంది. నేను కాఫీ తాగి ఆఫీసుకి పారిపోయా.

ఆ వారంలోనే ఆదివారం. ఆషాఢంలో మునగాకు తినాలని రైతుబజారు నుంచి రెండు కట్టలు తెచ్చుకుంది అమ్మ. హాల్లో కింద కూర్చుని మీ పేపరు పరుచుకుని ఆకు దూస్తోంది. మునగాకు దూసినవాళ్ళకి తెలుసు, అది గంట పని, ఈనెలు ఏరుకుంటూ కూర్చోవాలి, మధ్యలో లేచి వెళ్ళిపోవడం కుదరదు. దూస్తూ దూస్తూ ఆకు పక్కకి జరిపి ఏదో చదవడం మొదలుపెట్టింది. నుదుటి మీద ఉన్న కళ్ళజోడు కిందికి దింపుకుని మళ్ళీ చదివింది. చేతులు ఆగిపోయాయి.

"ఏరా, ఇది మన పిల్ల రాసిందేమిట్రా?"

వెళ్ళి చూశా. మీ పేజీ. నా గుండె ఒక్కసారి ఝల్లుమంది, ఎందుకంటే నాకూ అదే అనుమానం వచ్చింది.

"కింద వేరే ఊరు పేరు ఉందిగా అమ్మా."

"ఊరు పేరు మార్చి రాస్తార్లే."

అక్కడ "ఛ, మనమ్మాయి ఎందుకు రాస్తుంది" అనేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఖమ్మం బస్సు గుర్తొచ్చింది. అమ్మ ఎదురుగా కింద కూర్చుని ఒక రెమ్మ తీసుకుని, మొహం చూడకుండా చెప్పా, "మనమ్మాయి రాయలేదు. కానీ రాయాలనుకుంటే ఇదే రాస్తుంది."

చాలాసేపు మాట లేదు. తర్వాత అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "రాగిజావ ఇష్టం లేదా దానికి?"

"లేదు."

"మరి రోజూ తాగుతోందిగా."

"నువ్వు ఇస్తే కాదనలేక."

"నాకు చెప్పొచ్చుగా."

"అది చెప్పదు. నేను చెప్పాలి. నేను చెప్పలేదు."

తాళం సంగతి, లొకేషన్ సంగతి, అరకు సంగతి, వరసగా చెప్పేశా, మెట్రో సంగతి కూడా. సబ్బులు అందుకా అంది. ఆఖర్న గడియ దగ్గరికి వచ్చా. అంతవరకూ తల ఊపుతున్న మనిషి ఆగిపోయింది.

నాన్న ఎలా పోయారో నాకు తెలుసు. స్నానానికి వెళ్ళి బాత్‌రూంలో పడిపోయారు, లోపల గడియ వేసి ఉంది, పక్కింటివాళ్ళు గునపం తెచ్చి తలుపు పగలగొట్టారు, ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. నేను ట్యూషన్‌లో ఉన్నా. ఇంట్లో గడియలు లేకపోవడానికి అదే కారణమని నాకు తెలుసు. తెలియనిది అమ్మ అప్పుడు చెప్పింది, ఆకు దూస్తూ, నా వైపు చూడకుండా.

"శబ్దం వచ్చిందిరా లోపల్నుంచి. మగ్గు పడేసుకున్నారనుకున్నా. పెనం మీద అట్టు ఉంది. అది తీసి ఇంకో అట్టు వేశా. అది కూడా కాలాక పిలిచా."

అంతే చెప్పింది. ఆ పదహారేళ్ళలో మా ఇంట్లో ఇడ్లీ ఉంది, ఉప్మా ఉంది, పూరీ, వడ, అన్నీ ఉన్నాయి, అట్టు లేదు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. అర్ధరాత్రి ఫోను కింద పడితే లైటు వేసుకుని వచ్చి నిలబడే మనిషి ఎందుకు వస్తోందో నాకు ఆ రోజు దాకా సగమే తెలుసు. నా దగ్గర జవాబు ఏమీ లేదు. ఇద్దరం కూర్చుని రెండు కట్టలూ దూసేశాం. మీ పేజీ నిండా పసరు అయింది.

రాత్రి అన్నం పెడుతూ అమ్మే అంది, "గడియ పెట్టించు. కాకపోతే బయట నుంచి కూడా తీయగలిగేట్టు ఉండాలి."

అలాంటిది ఉంటుందా అని హార్డ్‌వేర్ షాపులో అడిగితే, ఉంటుంది సార్ అని ఒక గుండ్రటి తాళం చూపించాడు. లోపల బొత్తాం నొక్కితే పడుతుంది, బయట పిడి మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, ఏదైనా నాణెం పెట్టి తిప్పితే వచ్చేస్తుంది. పిల్లలున్న ఇళ్ళలో పొరపాటున లోపల పడిపోతే తీయడానికట. ఏడొందల యాభై. కార్పెంటర్ గంటలో బిగించాడు, అదే, దొరకని కార్పెంటర్. అమ్మ నన్ను లోపల పెట్టి తలుపు వేయించి, రూపాయి బిళ్ళతో బయట నుంచి తీసింది. మళ్ళీ వేయించింది, మళ్ళీ తీసింది. మూడుసార్లు. నాలుగోసారి తను లోపలికి వెళ్ళి బొత్తాం నొక్కుకుని "నువ్వు తియ్యి చూద్దాం" అంది. తీశా. అప్పటికి గానీ కార్పెంటర్‌కి డబ్బులు ఇవ్వనివ్వలేదు.

శ్రావణంలో మా ఆవిడ వచ్చింది. ముందే ఫోన్లో అంతా చెప్పా, అట్టు సంగతి తప్ప. అది అమ్మ చెప్పుకోవాల్సిందని ఊరుకున్నా, తర్వాతెప్పుడో చెప్పుకుందట, వాళ్ళిద్దరూ మంగళగౌరి నోము పనులు చేసుకుంటుండగా. మొదటి రాత్రి మా ఆవిడ బొత్తాం నొక్కితే టక్‌మని శబ్దం వచ్చింది. హాల్లోంచి అమ్మ, "పడిందా?" లోపల్నుంచి మా ఆవిడ, "పడిందత్తమ్మా!"

ఇక అన్నీ బాగైపోయాయని రాస్తే అబద్ధం. రెండో ఆదివారం మేం ఎనిమిదిన్నర దాకా లేవకపోతే, అలారం మోగి మోగి ఆగిపోతే, రూపాయి తిరిగింది. మా ఆవిడ దుప్పట్లోంచే "బతికే ఉన్నాం అత్తమ్మా" అంది, అమ్మ నాలిక్కరుచుకుని తలుపు మూసింది. స్కూటీ తాళం గోడకి మేకు మీదకి వచ్చింది, పక్కనే అమ్మ కొన్న హెల్మెట్, దాన్ని పెట్టుకుంటే మెడ తిరగదు, అంత పెద్దది. లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల నుంచి గంటకి దిగింది. జావ ఆగలేదు, వారానికి మూడు రోజులైంది. అది నేను అడగలేదు, వాళ్ళే బేరమాడుకున్నారు. కొత్తగా మొదలైంది ఇంకోటి, విశేషమేమైనా ఉందా అని. ఈసారి మా ఆవిడ వైపు చూడక ముందే నేను అందుకున్నా, "ఆ సంగతి మమ్మల్ని ఇద్దర్నీ కలిపి అడుగు, లేదా నన్ను అడుగు" అని. మొహం చిన్నబుచ్చుకుంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సరే, నాతోనే కదా.

అత్తలు అందరూ మా అమ్మ లాంటివాళ్ళు కాదని నాకు తెలుసు. ప్రేమ అనే పేరు పెట్టి జీతం కార్డు లాక్కునేవాళ్ళు, పుట్టింటికి ఫోన్ చేయనివ్వనివాళ్ళు ఉన్నారు, వాళ్ళకి రూపాయి తాళాలు పనికిరావు, అలాంటివాళ్ళ కోసమే 2005లో గృహహింస చట్టం చేశారు. నేను చెప్పేది మీ పేజీకి ఉత్తరం రాసిన ఆ అమ్మాయి లాంటివాళ్ళ గురించి, మంచి అత్త చేతిలో ఊపిరాడనివాళ్ళ గురించి. వాళ్ళు మళ్ళీ రాస్తే దయచేసి సర్దుకుపొమ్మని రాయకండి. ఆ సంగతి మీ ఆయన తన తల్లితో ఎప్పుడైనా మాట్లాడాడా అని ముందు అడగండి. "మాట్లాడలేదు, ఆయన పాపం మధ్యలో నలిగిపోతున్నారు" అని జవాబొస్తే, ఆ మనిషి ఫోన్ నంబర్ అడిగి తీసుకోండి. ముప్పై లైన్లూ అతనికి చదివి వినిపించండి.

ఆ రూపాయి ఎక్కడుందో చెప్పలేదు కదూ. మొదట్లో తలుపు పైన చెక్క మీద పెట్టింది, అందట్లేదని తీసేసింది. పర్సులో పెడితే ఖర్చయిపోతుందని భయం. చివరికి పోపుల డబ్బాలో ఆవాల గిన్నెలో పెట్టింది, చీకట్లో కూడా చెయ్యి అక్కడికే వెళ్తుందట. దీపావళి రోజు మా ఆవిడ పులిహోరకి పోపు వేస్తూ చూసుకోకుండా ఆవాలతో పాటు దాన్ని కూడా కాగే నూనెలో వేసింది. ఠంగుమని చప్పుడు. అమ్మ హాల్లోంచి ఒక్క ఉదుటున వంటింట్లోకి వచ్చింది, నేనూ వచ్చా. ముగ్గురం మూకుడులోకి చూస్తే ఆవాలు చిటపటలాడుతున్నాయి, మధ్యలో రూపాయి. అమ్మకి నవ్వాగలేదు. ఇక ఇది ఎందుకులే, గల్లాపెట్టెలో వేసెయ్ అంది కూడా. అట్లకాడతో తీసి, సబ్బుతో జిడ్డు పోయేదాకా కడిగి, కొంగుతో తుడిచి మళ్ళీ ఆవాల గిన్నెలోనే పెట్టింది, అమ్మ కాదు, మా ఆవిడ.

ఇట్లు,
మీ పాఠకుడు,
నిజాంపేట, హైదరాబాద్